తొమ్మిదో రోజు విప్పిన సెంట్రింగ్

పదకొండేళ్లుగా ఒక ఇంటి స్లాబు బరువు మోస్తున్నాను. మా ఇంటావిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను తాపీమేస్త్రీని. పని ఒప్పుకున్నప్పుడు అడ్వాన్సు, తర్వాత దఫాలుగా డబ్బు తీసుకోవడం మా పద్ధతి. పునాది లేచాక ఒక దఫా, స్లాబు పోసిన రోజు ఒకటి, స్లాబు కింద నిలబెట్టిన చెక్కలూ సరుగుడు కర్రలూ, అదే సెంట్రింగ్, విప్పిన రోజు ఇంకొకటి. ఈ షరతు నేనే పెట్టుకున్నాను. గొప్ప తెలివి అనుకున్నాను అప్పట్లో.

కోటబొమ్మాళి దగ్గర ఒక ఊళ్లో రావులమ్మ వాళ్ల ఇల్లు ఒప్పుకున్నాను. వరి పండించుకునే మనుషులు. అడిగిన దఫా అడిగినట్టే చేతిలో పెట్టారు, ఒక్క రోజు తిప్పలేదు. ఆ డబ్బు తీసుకెళ్లి శ్రీకాకుళంలో సగంలో ఆగిన ఇంకో ఇంటికి పెట్టేశాను. ఒకరి అడ్వాన్సుతో ఇంకొకరి పని నడపడం మాలో చాలామంది చేసేదే. అలా అనుకుంటే తప్పు చిన్నదైపోతుందా? కాలేదు. శ్రీకాకుళం ఆయన రోజూ ఫోను చేసి తిడుతుంటే నాకు రావులమ్మ ఇంటి తరువాతి దఫా తొందరగా కావలసి వచ్చింది. అది రావాలంటే సెంట్రింగ్ విప్పాలి. స్లాబు గట్టిపడి బరువు మోయాలంటే దాన్ని మూడు వారాలు ఉంచాలి. తొమ్మిదో రోజు విప్పించాను.

డబ్బు ఆ సాయంత్రమే ఇచ్చేశారు. నాలుగు రోజులకి నడిమి గదిలో స్లాబు కాస్త కిందికి దిగి, గోడ నుంచి గోడకి బీట కనపడింది. రావులమ్మ నన్ను పిలిపించింది.

"ఇదేటి మేస్త్రీ, ఇలగ బీటిచ్చింది?"

ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది. "నీలు సరిగ్గా ఎట్టనేదేటి వదినా?"

"పొద్దూ సాయంత్రం బిందిల్తో మోసినాను గదా."

మోసింది. స్లాబు మీద గట్లు కట్టి, మడిలో నిలిపినట్టు నీళ్లు నిలిపింది. నా కళ్లతో చూశాను.

"మజ్జేనం ఎండిపోతే ఎవులు సూసినారు?" అన్నాను.

ఆవిడ తలెత్తి బీట చూసింది. "ఒక రోజు సంతకెల్లిపోనాను. ఆ రోజు మజ్జేనం ఎట్టనేదు. దానికేనేటి?"

"దానికే అయ్యుంటాది," అన్నాను.

దారి ఆవిడే చూపించింది. సిగ్గు లేకుండా దూరిపోయాను. బీటలో సిమెంటు నింపి, పైన పూత పూసి, ఆ పూత దఫా కూడా తీసుకున్నాను. అప్పుడు బాధ వేసిందా? గుర్తు లేదు. ఇంటికొచ్చి అన్నం తిన్నాను, అది గుర్తుంది. ఆ తరువాత ప్రతి వానాకాలం ఆ గదిలో గిన్నెలు పెడుతున్నారని, ఒక్కో చుక్కకి ఆవిడ మొగుడి చేత మాట పడుతోందని వింటూనే ఉన్నాను.

పోయిన నెల రావులమ్మ, ఆవిడ మొగుడు బండి మీద మా ఇంటికి వచ్చారు. పైన రెండు గదులు వేయాలట. అడ్వాన్సు తెచ్చారు, నా చేతిలో పెట్టబోయారు. తీసుకోలేదు. ఆ స్లాబు మోయదు, పైన ఏమీ వెయ్యొద్దు, నడిమి గదిలో పడుకోవద్దు అని చెప్పాను. అంతవరకు నిజమే చెప్పాను. ఆయన డబ్బు జేబులో పెట్టుకుంటూ, "ఆ దినం ఇది సంతకెల్లకపోతే ఇయాల ఈ బాద నేదు మేస్త్రీ," అన్నాడు. రావులమ్మ తల వంచుకుని కొంగు సర్దుకుంది. ఒక్క మాట చాలు. కాదు అన్నయ్యా, నేనే తొందరపడి విప్పాను అంటే అయిపోయేది. అనలేదు. ఏం పోతుందని భయపడ్డాను? పేరా? పనులా? ఇంత తిరగేసుకున్నా నాకే తెలియడం లేదు. వాళ్లకి టీ ఇచ్చి పంపించాను.

ఇక్కడ మాత్రం రాస్తున్నాను. రావులమ్మ నీళ్లు సరిగానే పెట్టింది. ఒక్క మధ్యాహ్నం సంతకి వెళ్లినంత మాత్రాన ఏ స్లాబూ అలా దిగిపోదు. చెడగొట్టింది నేను. రాశాక కొంచెం తేలిగ్గా ఉంది. ఈ తేలిక నాకే దక్కింది, ఆవిడకి దక్కలేదు.