మౌసు శబ్దం మీద మీటింగు

ఆ రోజుల్లో మా వైపు కంప్యూటరు కొనడమంటే ఇంట్లోకి కొత్త మనిషిని తెచ్చుకున్నంత పని. నలుగురినీ విచారించేవారు, మంచి వారం చూసుకునేవారు, డబ్బా విప్పే ముందు కొబ్బరికాయ కొట్టేవారు. 'ఏ కంపెనీది గట్టిది?' అన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి హిందూపురంలో ఒక షాపువాళ్లు నన్ను కూర్చోబెట్టారు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. కంప్యూటర్ల గురించి నాకున్న జ్ఞానమంతా ఒక డిప్లొమా (అందులోనూ సగం రోజులు కరెంటు లేదు). అయినా అడిగినవాళ్లకు గంభీరంగా ముఖం పెట్టి చెప్పేదాన్ని. తెలియని విషయం చెప్పేటప్పుడు ముఖం గంభీరంగా పెట్టాలని నాకెవరూ నేర్పలేదు, దానంతటదే వచ్చింది.

మా ఓనరును ఊరంతా గ్యారంటీ అన్న అనేవారు. ఏమడిగినా ఆయన మొదటి మాట 'గ్యారంటీ' కాబట్టి. మంచి మనిషే, కానీ షాపులో ఉండేవాడు కాదు. మడకశిరలోనో అమరాపురంలోనో ఏదో ఒక స్కూల్లో కంప్యూటర్లు బిగిస్తూ తిరిగేవాడు. షాపు బట్టల కొట్టు పైన మొదటి అంతస్తు. మెట్లు నిటారుగా ఉండేవి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది నుంచే ఫోన్ చేసి అడిగేవారు. పొద్దున నుంచి సాయంత్రం దాకా అట్టపెట్టెల మధ్య నేనొక్కదాన్నే. నేనుండే గది ఓనరమ్మకు కన్నడం తప్ప రాదు. రోజూ 'నీరు బంతా?' అని, అంటే నీళ్లొచ్చాయా అని అడిగేది, నేను తల ఊపేదాన్ని. మా మాటలు ఏడాదిలో అంతకు మించి ముందుకు పోలేదు. ముదిగుబ్బ నుంచి నాయన వారానికోసారి ఫోన్ చేసేవాడు. 'తింటివా?' 'ఊఁ.' 'పని ఎట్లుండాది?' 'బాగుండాది.' 'సరే, పెడతాండా.' నాయనకు ఫోనంటే భయం, ఎక్కువసేపు పట్టుకుంటే పాడైపోతుందనుకునేవాడు. ఆదివారం అన్నం వండుకుని గోడ మీది క్యాలెండరు వైపు తిరిగి తినేదాన్ని. ఆ క్యాలెండరులోని పండుగలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి.

షాపులో రెండు కంపెనీల సరుకు ఎక్కువగా అమ్మేవాళ్లం. అసలు పేర్లు ఎందుకులెండి, డబ్బాల మీది బొమ్మలను బట్టి ఒకదాన్ని నెమలి కంపెనీ, ఇంకొకదాన్ని ఏనుగు కంపెనీ అనేవాళ్లం. చేరిన నెలకు ఒక నెమలి మానిటరు తెర మీద నిలువుగా గీత పడింది. డబ్బా మీది వారంటీ నంబరుకు ఫోన్ చేశాను. రెండో రింగుకే ఒక అక్క ఎత్తింది. వివరాలన్నీ రాసుకుని, "సిస్టమ్ లోడ్ అవుతోంది మేడమ్, ఒక్క నిమిషం" అంది. ఆ నిమిషం ఖాళీగా ఎందుకనుకుందో ఏమో, "మీ ఊర్లో ఎండలెట్లా ఉన్నాయి మేడమ్?" అని అడిగింది. అంతే. నెల రోజుల్లో నన్నొక మనిషి అడిగిన మొదటి పెద్ద ప్రశ్న అది. ఎండల గురించి చెప్పాను, మెట్ల గురించి చెప్పాను, ఓనరమ్మ నీళ్ల గురించి కూడా చెప్పాను. మర్నాడే అనంతపురం నుంచి ఇంజనీరు వచ్చి మానిటరు మార్చి వెళ్లాడు.

నెమలి కంపెనీ సరుకుతో ఒక ఇబ్బంది ఉండేది. అది పాడయ్యేది కాదు.

మూడు వారాలు చూశాను. ఒక్క ఫిర్యాదూ రాలేదు. నాలుగో వారం ఉండబట్టలేక ఫోన్ చేసి, "మౌసు నొక్కితే శబ్దం ఎక్కువగా వస్తోందండీ" అన్నాను. "ఎంత శబ్దం మేడమ్?" "పక్క షాపుకు వినపడేంత." లైన్ అక్క సిస్టమ్ లోడ్ చేసింది. అది లోడయ్యేలోపు వాళ్ల హాస్టల్లో సాంబారు ఎంత పలచగా ఉంటుందో చెప్పింది. మర్నాడు ఇంజనీరు పాపం ఎండలో బస్సెక్కి వచ్చాడు. మౌసుకు చెవి ఆనించి నలభైసార్లు నొక్కి చూశాడు. "నాకేమీ వినపళ్లేదమ్మా, నీ చెవులు శానా బాగుండాయి" అని కొత్తది ఇచ్చి వెళ్లాడు. ఆ తర్వాత నాకు ధైర్యం పెరిగింది. కీబోర్డులో స్పేస్ బార్ కుడివైపు కొంచెం బద్ధకంగా ఉందని, స్పీకర్లలో ఎడమది దిగులుగా మోగుతోందని, కొత్త డబ్బాలో ఏదో వాసన వస్తోందని వారానికొకటి చెప్పేదాన్ని. అక్క ఏనాడూ విసుక్కోలేదు.

గ్యారంటీ అన్న దగ్గర ఒక కంప్లైంట్ల పుస్తకం ఉండేది. ఏ కంపెనీ మీద ఫిర్యాదు పెట్టినా అందులో రాయాలి, వచ్చిన ఇంజనీరు సంతకం పెట్టాలి. నా పుణ్యమా అని నెమలి పేజీలు నిండిపోయాయి. ఏనుగు పేజీలో ఒకే ఒక్క గీటు. ఏనుగు సరుకు గట్టిదని కాదు. దానికి ఫోన్ చేస్తే పిల్లనగ్రోవి వినిపించేది, ఆ ఒక్కసారి తప్ప ఎవరూ ఎత్తలేదు. ఎత్తని ఫిర్యాదుకు నంబరుండదు, నంబరు లేనిదాన్ని పుస్తకంలో ఏమని రాయను?

ఇట్లా ఉండగా ఒకరోజు ధర్మవరం నుంచి గ్రాఫు మామ వచ్చాడు. పట్టు చీరల అంచులకు, కొంగులకు డిజైన్లు గీసే మనిషి. గళ్ల కాగితాల మీద గీసే కాలం నుంచి ఆ పేరు అట్లే ఉండిపోయింది. ఇప్పుడు కంప్యూటరు మీద గీయాలని వచ్చాడు. "ఏమమ్మా, ఏ కంపెనీది నమ్మొచ్చు? నడిమధ్యలో నిలిచిపోతే మగ్గాలు నిలిచిపోతాయి, చూసి చెప్పల్ల" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా గ్యారంటీ అన్న (ఆరోజే షాపులో ఉండాలా!) పుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. "మనిషి మాట ఎందుకప్పా, పుస్తకమే చెప్తాది. నెమలి చూడు, ఎన్ని కంప్లైంట్లో. ఏనుగు చూడు, ఒక్కటంటే ఒక్కటే. ఏనుగు తీసుకో, గ్యారంటీ."

నిజం చెప్పాల్సిన క్షణం అదే. మౌసుకు రోగం లేదు, నాకే ఉందని చెప్పాలి. ఆ మాటకు బదులు బిల్లు పుస్తకం తీసి ఏనుగు ధర రాశాను. గ్రాఫు మామ ఏనుగు డబ్బా భుజానికెత్తుకుని, ఆ నిటారు మెట్లు జాగ్రత్తగా దిగి వెళ్లిపోయాడు.

రెండు నెలలకు ధర్మవరం నుంచి ఫోన్ వచ్చింది. "అమ్మా, ఏనుగు కన్ను తెరవల్యా. పెండ్లి చీర డిజైన్ అంతా దాంట్లోనే ఉండాది. ఇరవై దినాల పని. ఎల్లుండికి మగ్గం ఎక్కీకపోతే ముహూర్తానికి చీర అందదు. కంపెనీకి ఫోన్ చేస్తే నిన్నటి నుంచీ పిల్లనగ్రోవి వినిపిస్తాండారు." గ్యారంటీ అన్న అమరాపురంలో ఉన్నాడు. షాపుకు తాళం వేసి స్టేషనుకు పరుగెత్తాను. రైలు పెనుకొండ దాటేదాకా ఎట్లా ఒప్పుకోవాలో మాటలు కూర్చుకున్నాను. పెనుకొండ దాటాక ఆ మాటలన్నీ మరిచిపోయాను.

గ్రాఫు మామ ఇంట్లో ముందు ఏనుగుకే ఫోన్ చేశాను. పిల్లనగ్రోవి. పావుగంట విన్నాక పెట్టేసి, నెమలి నంబరు నొక్కాను. "అక్కా, ఈసారి నిజంగానే పాడైంది. కానీ ఇది మీది కాదు, వేరే కంపెనీది." అక్క గొంతు తగ్గించి, "సిస్టమ్ లోడ్ అవుతోంది మేడమ్" అంది. లోడ్ చేయడానికి అక్కడ ఏమీ లేదు, మా ఇద్దరికీ తెలుసు. "ఫ్యాను తిరుగుతోందా?" లేదు. "లైటు?" లేదు. "అయితే కరెంటు ఇచ్చే పెట్టె పోయుంటుంది. రాసుకున్నదంతా హార్డ్ డిస్కులో భద్రంగా ఉండొచ్చు. తీసి ఇంకో కంప్యూటరుకు పెట్టి చూడండి. కానీ మూత మీద సీలుంటుంది, అది చింపితే వారంటీ పోతుంది."

గ్రాఫు మామకు ఆ మాట చెప్పాను. ఆయన ఏనుగు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. "ఎత్తని ఫోనుకు వారంటీ ఉంటే ఏమి, పోతే ఏమి? చించు తల్లీ."

అక్క ఒక్కొక్క మర చెబుతుంటే నేను విప్పాను. వెనక వీధిలో ఒక ఫోటో స్టూడియో ఉంది. డిస్కును ఒక పాత చీర మడతలో పెట్టుకుని గ్రాఫు మామ అక్కడికి నడిచాడు, వెనకాల ఫోను చెవికి పెట్టుకుని నేను. ఆ కంప్యూటరుకు తగిలించగానే తెర మీద మామిడి పిందెల అంచు వరసగా వచ్చింది. గ్రాఫు మామ కుర్చీలో కూలబడ్డాడు. నేను ఏడ్చేశాను.

"వచ్చిందక్కా" అన్నాను.

"సంతోషం మేడమ్. ఇంకొక మాట. మీ కంప్లైంట్లన్నీ ఈరోజు మూసేస్తున్నా. అన్నీ ఒకే షాపు నుంచి వస్తున్నాయని పైవాళ్లు పట్టుకున్నారు. మౌసు శబ్దం మీద మొన్న మీటింగు పెట్టినారు. పదకొండు మంది కూర్చుని ఒక మౌసును గంటసేపు నొక్కినారు." నవ్వాలో సిగ్గుపడాలో తెలియలేదు. "ఇకమీదట నిజంగా పాడైతేనే చెయ్యండి, లేకుంటే నా ఉద్యోగం మీదికొస్తుంది" అంది. పెట్టేసే ముందు చిన్నగా అంది, "మా సిస్టమ్ లోడ్ కావడానికి అంత సేపు పట్టదు మేడమ్." తర్వాత లైను తెగిపోయింది. ఆమె పేరైనా నేను అడగలేదు.

గ్రాఫు మామకు అంతా చెప్పేశాను, మౌసు నుంచి మొదలుపెట్టి. "ఏంటికి రాస్తివమ్మా అట్ల?" అన్నాడు. "మాట్లాడేదానికి ఎవరూ లేక మామా." "మరి ఏనుగు మీద ఒక్కటే ఉండె గదా?" "వాళ్లు ఎత్తల్యా." ఆయన ముందు తెల్లబోయాడు, తర్వాత మొదలైన నవ్వు వాళ్లావిడ వచ్చి 'ఏమైంది' అని అడిగేదాకా ఆగలేదు. ఆవిడ నాకు అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, చారు పోసిన ప్రతిసారీ 'ఇంకొంచెం?' అని అడిగింది. నేను ప్రతిసారీ ఊఁ అన్నాను.

మర్నాడు గ్యారంటీ అన్న అంతా విని చాలాసేపు పుస్తకం పేజీలు తిప్పుతూ కూర్చున్నాడు. "నా తప్పూ ఉండాదిలే. నిన్నొక్కదాన్నే ఈడ పెట్టి ఊర్లు తిరుగుతాంటి" అన్నాడు. ఆయన గ్యారంటీ అనని రోజు నాకు గుర్తున్నంతలో అదొక్కటే. ఏనుగు కంప్యూటరు బాగుచేసే పని తనే నెత్తినేసుకున్నాడు. అప్పటి నుంచి ఏ కంపెనీ సరుకు తెప్పించే ముందైనా దాని వారంటీ నంబరుకు మూడు రోజులు, మూడు వేళల్లో ఫోన్ చేసి చూసేవాళ్లం. అంతకంటే మంచి పరీక్ష నాకీ రోజుకీ తెలియదు.

ఇప్పుడు పెనుకొండలో ఉంటున్నాను. ఇల్లు నిండా మనుషులు, మాటలకు కరువు లేదు. మొన్న ఫ్రిజ్ చల్లబడకపోతే కంపెనీకి ఫోన్ చేశాను. మిషన్ గొంతు నొక్కమన్న నంబర్లన్నీ నొక్కాక ఒక అమ్మాయి ఎత్తింది. గొంతు కొత్తగా, కొంచెం భయంగా ఉంది. ఏ ఊరమ్మా అన్నాను. ఉద్యోగంలో చేరి నెలయిందట, ఊరు గాని ఊర్లో గదిలో ఒక్కతే ఉంటోందట, వంట చేసుకోవాలనిపించదట. అరగంట మాట్లాడుకున్నాం. ఫోన్ పెట్టేశాక మా అమ్మాయి వచ్చి, "ఫ్రిజ్‌కు మనిషిని ఎప్పుడు పంపిస్తారంట?" అని అడిగింది.

ఫ్రిజ్ సంగతి చెప్పడం మరిచేపోయాను.