మావయ్య అచ్ఛా అన్న మాటలన్నీ

పోయిన ఏడాది నవరాత్రుల నుంచి మా అత్తయ్య మావయ్యతో మాట్లాడటం మానేసింది. పెద్ద పోట్లాటేమీ జరగలేదు. "రేపు రతన్‌పూర్ ఎల్దుమా, అమ్మోర్ని సూసొద్దుం" అని ఆవిడ అడిగింది. ఆయన పేపర్‌లోంచి తల ఎత్తకుండా, ఈ హిందీ ఊళ్లో పడ్డ అలవాటు కొద్దీ "అచ్ఛా" అన్నారు, సరే అన్నట్టు. మర్నాడు పొద్దున్నే ఆవిడ పట్టుచీర కట్టుకుని, డబ్బాలో పులిహోర సర్దుకుని ముందుగదిలో కూర్చుంది. ఆయన రోజూలాగే చెప్పులేసుకుని స్టేషన్ వైపు షికారుకు వెళ్లిపోయారు. ఆవిడ చీర మార్చుకుంది. ఆ తర్వాత ఆయనకి చెప్పవలసిందేదైనా నాతోనో గోడతోనో చెప్పేది.

నాకూ ఆయన మీద మంటగానే ఉండేది. మా ఆయన ఇంజన్ షెడ్‌కి డ్యూటీకి పోతే పగలంతా రైల్వే క్వార్టర్‌లో మేం ముగ్గురమే. నేనేం చెప్పినా అచ్ఛా. గ్యాస్ అయిపోయిందన్నా అచ్ఛా, పక్కింట్లో పెళ్లి కుదిరిందన్నా అచ్ఛా. పాత స్నేహితులు వస్తే మాత్రం కబుర్లే కబుర్లు. జీవితమంతా ఇంజన్ నడిపిన మనిషికి ఆడవాళ్ల మాటంటే లెక్కలేదని నేను ఏనాడో తేల్చేసుకున్నాను.

నా పని చప్పుళ్లతో. ఎక్కడెక్కడి వాళ్లో తీసే పొట్టి సినిమాలకి, వెబ్ సిరీస్‌లకి వెనకాల వినపడే శబ్దాలు కూరుస్తాను. ఏ స్కూల్‌కీ వెళ్లలేదు. హిందీలో ఉచితంగా దొరికే వీడియో పాఠాలు చూసి నేర్చుకున్నాను. సాఫ్ట్‌వేరూ ఉచితమే. ఎవరెవరో రికార్డు చేసి, మా పేరు వేసి వాడుకోండి అని వదిలేసిన చప్పుళ్ల సైట్లు ఉన్నాయి. రేకుల మీద వాన కావాలన్నా, మట్టిలో వాన కావాలన్నా దొరుకుతుంది. ఇప్పుడు ఏఐ వచ్చాక వెతకడం కూడా తగ్గింది, రాసి అడిగితే తయారు చేసి ఇచ్చేస్తోంది. ఓ రోజు అలాగే గూడ్స్ బండి అడిగాను. అది ఇచ్చిన కూత మోగించగానే పక్కగదిలోంచి మావయ్య లేచి వచ్చారు.

"అదేటి? మన బండి అలా కుయ్యదు. ఆ కూతకి గేటు కాడ గేదె కూడా కదలదు."

ఆ రోజు నుంచి ఆయనే నాకు గురువు. డీజిల్ ఇంజన్ హారన్ ఏది, కరెంటు ఇంజన్‌ది ఏది, ఖాళీ వ్యాగన్లు ఎలా మోగుతాయి, బొగ్గు నింపినవి ఎలా మోగుతాయి, అన్నీ కళ్లు మూసుకుని చెప్పేవారు. అంత చెవి ఉన్న మనిషి మా మాటే వినడంటే అది పొగరు కాక మరేమిటి? నా కోపం ఇంకాస్త పెరిగింది.

మా దగ్గర్లోని కర్గీ రోడ్ లాంటి చిన్న స్టేషన్‌లో ఒకమ్మాయి నిలబడి ఉండగా గూడ్స్ బండి దాటిపోయే సీను ఒకటి వచ్చింది. సైట్లో మంచి రికార్డింగ్ దొరికింది. అప్పుడు నాకు జలుబు చేసి చెవులు దిబ్బడేశాయి. మావయ్యకి హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాను. "బాగుంది. బొగ్గు బండే" అన్నారు. పంపేశాను.

రెండు రోజులకి డైరెక్టర్ మెసేజ్ పెట్టాడు. బండి బాగుంది మేడమ్, కానీ మొదటి నుంచి చివరిదాకా సన్నగా కీచుమంటోందేమిటని. నా సాఫ్ట్‌వేర్‌లో చప్పుడుని బొమ్మగా చూసే వీలుంది. లావు శబ్దాలు కింద, సన్నవి పైన కనిపిస్తాయి. తెరిచి చూస్తే పైన పొడుగునా ఒక గీత. ఈలోగా నా చెవులూ తెరుచుకున్నాయి. విన్నాను. పళ్లు జివ్వుమన్నాయి.

ఇంత కీచుమంటుంటే బాగుందంటారా! నా పనంటే కూడా లెక్కలేదన్నమాట. ఒళ్లు మండిపోయి, ఆ కీచు ఒక్కటే విడదీసి, ఆయన పేపర్ చదువుకుంటున్న గదిలో స్పీకర్ పెట్టి గట్టిగా మోగించాను. వంటింట్లోంచి అత్తయ్య పిండి చేతులతోనే చెవులు మూసుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"ఏటే అమ్మీ అది? సెవులు సిల్లులడిపోతన్నాయి, ఆపు."

మావయ్య పేజీ తిప్పారు.

ఆపేశాను. నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. చచ్చేంత సిగ్గేసింది.

మధ్యాహ్నం అత్తయ్య పడుకున్నాక ఆయన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. చెవులు పరీక్షించుకునే ఉచిత సైట్లున్నాయి. అవి డాక్టర్‌తో సమానం కాదు, కానీ తర్వాత డాక్టరూ అదే చెప్పాడు. వినపడితే వేలెత్తమన్నాను. లావు శబ్దాలకి ఠక్కున ఎత్తారు. సన్నవాటికీ ఎత్తుతున్నారు. ఇదేమిటా అని చూస్తే, నేను మౌస్ నొక్కినప్పుడల్లా ఎత్తుతున్నారు. చేతి మీద తువ్వాలు కప్పుకుని నొక్కాను. ఆయన వేలు లేవలేదు.

చెవి దగ్గరకి వంగి, గొంతు లావు చేసి అడిగాను. "ఎన్నాళ్ల నుంచి మావయ్యా?"

"రిటైరైన కాడ నుంచీ. ఆడోళ్ల గొంతులే ముందు పోయాయి. మీ అత్త మూతి కదుపుతాది, నేను అచ్ఛా అంటాను."

"చెప్పొచ్చు కదా."

"బండి నడిపే రన్నింగ్ డ్యూటీ వోడు సెవులు పోయాయని నోటితో సెప్తాడేటమ్మా? మెడికల్ టెస్టులో పోతే ఇంజన్ మీంచి దించేత్తారు."

"ఇప్పుడు ఏ ఇంజన్ మీంచి దించుతారు మావయ్యా?"

ఆయన తల తిప్పి చూశారు. గుమ్మం దగ్గర అత్తయ్య నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో, అంతా విన్నది.

"అయితే ఆ రోజు..." అని ఆగిపోయింది.

నేను మైకు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. ఆయనకి హెడ్‌ఫోన్స్ తగిలించి, ఆయన వేలు లేవని సన్న శబ్దాలన్నీ సాఫ్ట్‌వేర్‌లో పెంచాను. మాట్లాడండి అత్తయ్యా అన్నాను. ఏడాది పాటు గోడకి అన్ని కబుర్లు చెప్పిన మనిషి మైకు పట్టుకుని నీళ్లు నమిలింది.

"వినపడతందా?" అంది చివరికి.

మావయ్య చటుక్కున తల ఎత్తారు. రెండు చేతులతో హెడ్‌ఫోన్స్ చెవులకి అదిమి పట్టుకున్నారు.

"రతన్‌పూర్ ఎల్దుమా అని అడిగాను. అచ్ఛా అన్నారు. సీర కట్టుకుని కూకున్నాను."

నాకు ఏడుపొచ్చింది. ఆయన హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"రేపెల్దుం. బస్సెన్ని గంటలకి?"

అత్తయ్య మైకు బల్ల మీద పెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఏదో చెప్పింది. మావయ్య "అచ్..." అని, సగంలో ఆగారు.

"వినపడ్నేదే. మళ్లీ సెప్పు," అన్నారు.

అత్తయ్య వెళ్లి ఆయన పక్కన కూర్చుని, చెవిలో మళ్లీ చెప్పింది.