పైపు మూతికి బొట్టు

మీ ఇంట్లో మోటారు ఆగిపోతే ముందు పానా వెతుకుతారా, లేక పొద్దున లేచి ఎవరి మొహం చూశారో వెతుకుతారా? నిజం చెప్పండి. గోదావరిఖనిలో బొగ్గుబాయిలో పనిచేసే మేము, చేతిలో పానా పెట్టుకుని కూడా, మొహాలే వెతికాం.

తెలంగాణ కోసం టీ కొట్ల దగ్గర గొంతులు చించుకుంటున్న రోజులవి. నేను గని లోపల ఫిట్టర్ని. మా దగ్గర బొగ్గు ఎత్తిపోసే లోడర్ యంత్రం ఒకటి ఉండేది. దాని తొట్టిని పైకి లేపే నూనె పైపు, పంపుతో కలిసే చోట కారడం మొదలైంది. నూనె కారితే తొట్టి లేవదు. తొట్టి లేవకపోతే షిఫ్టంతా దండగ.

పాత రబ్బరు రింగు అరిగిందని కొత్తది వేశారు. మళ్లీ కారింది. పైపే మార్చారు. అయినా కారింది. ఇక అందరూ యంత్రాన్ని వదిలి మనిషిని పట్టుకున్నారు. ఆపరేటరు ఆ సీటుకు కొత్త. ఆయన వచ్చిన వారంలోనే ఇదంతా మొదలైంది.

"గాయన చెయ్యి మంచిది కాదన్నా. పాత బాయిల గూడ గిట్లనే అయిందట" అన్నాడొకడు. ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. అందరూ నమ్మారు.

ఆ ఆపరేటరు ఏళ్ల తరబడి తట్టా, చెమ్మసనే పెద్ద పారా పట్టి బొగ్గెత్తిన మనిషి. నడుం అరిగాక పని నేర్చుకుని ఈ సీటు ఎక్కాడు. దించితే మళ్లీ తట్ట మోయాల్సిందే. పని చేయించే ఓవర్‌మన్ కూడా వాళ్ల మాటకే మొగ్గాడు. "ఈ షిఫ్టుల బాగైతే సరే. లేకుంటే రేపటిసంది వేరేటాయన నడుపుతడు" అని తేల్చేశాడు. ఆపరేటరు టిఫిన్ డబ్బా తెరిచి, ముద్ద ముట్టకుండానే మూత పెట్టేశాడు.

నాకు ఒళ్లు మండింది. "రబ్బరు రింగుకు నడిపేటోని జాతకం తెలుస్తదా?" అని ఉపన్యాసం అందుకున్నాను.

"వాదులాట తర్వాత పెట్టుకుందువు గని, సన్నగున్నవ్, నువ్వే దూరు" అన్నాడు మా పెద్ద ఫిట్టర్ కాక. ఆయనది భారీ శరీరం. ఇన్నాళ్లూ బయటే బోర్లా పడుకుని, చెయ్యి ఒక్కటి లోపలికి పోనిచ్చి, తడుముకుంటూ బిగించేవాడు.

యంత్రం ఆపి, తొట్టిని నేలకు దించి, పైపులోని ఒత్తిడి తీసేశాం. పంపుకూ పక్క రేకుకూ నడుమనున్న సందులోకి దూరాను. టోపీ రేకుకు టకటకా కొట్టుకుంటోంది. మోచెయ్యి మడవడానికి చోటు లేదు. పానా కాస్త తిప్పడం, తీయడం, మళ్లీ పెట్టడం. మిగిలిన నూనె నా చెవిలోకి దారి చూసుకుంది.

"ఏమన్న గానొస్తందారా?"

"నీ పొట్ట అడ్డమున్నది కాకా, ఎలుగు రానియ్యి!"

చివరికి నట్టు ఊడింది. పైపు మూతిని లైటుకు ఎదురుగా తిప్పాను. పసుపు, కుంకుమ. రింగు కింద నలిగి ఇరుక్కున్న బియ్యపు గింజ. సరిగ్గా అక్కడే రింగు తెగి ఉంది.

"కాకా, పైపు మూతికి అక్షింతలు ఎవరు పెట్టిన్రు?"

కాక సందులోకి తల వంచాడు.

"నేనే. కొత్త సామాను గదరా, బొట్టు లేకుండ ఎట్ల బిగిస్తం?"

"మరి కారినంక?"

"కారినప్పుడల్లా ఇంకింత ఎక్కువ పెట్టిన."

సందులో నవ్వేసరికి నుదురు రేకుకు తగిలింది. బయట ఆపరేటరు నవ్వు అందరికంటే గట్టిగా వినిపించింది.

మూతి తుడిచి, శుభ్రమైన నూనెతో కడిగి, కొత్త రింగు వేసి బిగించాను. నేను బయటికొచ్చాక ఆపరేటరు సీటెక్కి లివరు లాగాడు. తొట్టి నిండు బొగ్గుతో లేచింది. నట్టు కింద పెట్టిన అట్టముక్క మీద చుక్క పడలేదు. "నడుపు నడుపు, జల్ది!" అన్నాడు ఓవర్‌మన్, దించుతానన్నది తాను కానట్టే. సీటు ఆపరేటరుకే మిగిలింది.

"మరి నా బొట్టు?" కాక దిగులు కాకది.

"బయట రేకు మీద పెట్టుకో."

"ఆడ పెడితే పనిజేస్తదా?"

"లోపల పెడితే జేసిందా కాకా?"

కాక బొట్టు మీద నాకు కోపం లేదు. యంత్రమంటే ఆయనకు అంత ప్రేమ. నా కోపమంతా, నట్టు విప్పకముందే ఒక మనిషి చేతిని తప్పుపట్టిన మా అందరి తొందర మీద. మీరు పనిచేసే చోట కూడా ఎవరినో ఒకరిని "చెయ్యి మంచిది కాదు" అంటూనే ఉంటారు. ఇవాళే వెళ్లి, అన్నవాళ్లను నిలదీయండి. కారణం చూపించమనండి. అన్నది మీరే అయితే, నలుగురిలో ఆ మనిషి ఎదుట నిలబడి మాట వెనక్కి తీసుకోండి.