అత్తయ్య నొక్కిన మొదటి మీట

మొన్న ఎల్బీనగర్ మెట్రో స్టేషన్‌లో టికెట్ మిషన్ ముందు మా అత్తయ్యను నిలబెట్టి, మూసారాంబాగ్ అని ఉన్నచోట వేలు పెట్టమన్నాను. ఆవిడ చెయ్యి కొంగులో దాచుకుని, "నా చెయ్యి పడితే బందైతది బిడ్డా, నువ్వే ఒత్తు" అన్నారు. వెనకవాళ్లు నవ్వారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రతి మేడకూ ఒక కంప్యూటర్ బోర్డు వేలాడిన రోజులు మన ఈడువాళ్లకు గుర్తే. అలాంటి ఒక మేడ మీద, కంప్యూటర్‌లోనే మరో కంప్యూటర్‌ను నడిపించే వర్చువల్ మెషీన్ తయారుచేసే చిన్న కంపెనీలో నేను ప్రోగ్రాములు రాసేదాన్ని, రాసినదానికంటే ఎక్కువ వాదించేదాన్ని. పనిలేనప్పుడు ప్రాసెసర్, ఎవరైనా పిలిస్తే లేస్తానని, నిద్రపోతుంది. ఆ నిద్రపొమ్మనే ఆదేశం పూర్తయ్యేదాకా మాత్రం కీబోర్డు పిలుపులకు చిన్న అడ్డు ఉంటుంది, పూర్తవగానే ప్రాసెసరే దాన్ని తీసేస్తుంది. మా మెషీన్‌లో అసలు ప్రాసెసర్ బదులు ఆ ఆదేశాన్ని నడిపేది నేను రాసిన ప్రోగ్రాము. అడ్డు ఎవరు తీస్తారని తోటి ఉద్యోగి అడిగితే, ప్రాసెసరే చూసుకుంటుందని అతని నోరు మూయించాను.

ఆయుధపూజనాడు కొత్త పనిని ఇంటి పెద్దల చేత్తో మొదలుపెట్టించడం మా ఆఫీసు ఆనవాయితీ. ఆ ఏడు నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన మా అత్తయ్య వంతు. మానిటర్‌కు బొట్టుపెట్టి, దండం పెట్టుకుని, ఒక మీట నొక్కారు. తెర కదలలేదు. మళ్లీ నొక్కారు. "నాగలి పట్టిన చెయ్యాయె, జర మెల్లగ అమ్మా!" అన్నాడు మేనేజరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆవిడ ఆటో ఎక్కి వెళ్లిపోయాక తోటి ఉద్యోగి నిదానంగా అన్నాడు: "మేడం, గీడ ప్రాసెసర్ మనమే. అడ్డు మనమే తియ్యాలె." నా ప్రోగ్రాములో ఒక్క వరుస చేర్చగానే మెషీన్ లేచి కూర్చుంది. ఇంటికి వెళ్లి ఆ మాట చెప్పలేదు. ఈవిడకు ఏం అర్థమవుతుందిలే అనుకున్నాను, అంత చదువు నాది.

అదంతా మొన్న మిషన్ పక్కనే నిలబడి చెప్పాను. "అయితే నా చెయ్యి గాదా? గప్పుడే చెప్పకపోతివి. లిఫ్టు ఒత్తాలంటే భయమై మూడంతస్తులు మెట్లెక్కితి గదనే ఇన్నేండ్లు."

మా ఆఫీసు ఉన్న ఆ మేడ ఇప్పుడు బట్టల షాపు. ఇప్పుడు పాలప్యాకెట్ కావాలన్నా, దవాఖానలో చీటీ కావాలన్నా ఏదో ఒక తెర మీద వేలు పెట్టాల్సిందే, పెట్టమని చంటిపిల్లలకు కూడా ఎవరూ నేర్పక్కర్లేదు. అత్తయ్య కొంగులోంచి చెయ్యి తీశారు. వేలు తెర దాకా వెళ్లింది, అక్కడే ఆగింది.

"ఏమో బిడ్డా, వెనక మంది ఉన్నరు. నువ్వే ఒత్తు."

నేనే నొక్కాను.