పసుపు రెక్క, బూడిద రెక్క

ఇన్‌చార్జి గదిలో గిర్రున తిరిగే నల్ల కుర్చీ ఒకటి ఉంది. భిలాయి సెక్టర్ 2లోని ఆ ప్రత్యేక పాఠశాలకు కనకరత్నం ఇన్‌చార్జి అయి ఏళ్ళు గడిచినా, ఆమె ఆ కుర్చీలో కూర్చోగా చూసినవాళ్ళు లేరు. అందులో పిల్లలు కూర్చుంటారు. ఎవరికైనా మనసు చెదిరి, చెవులు మూసుకుని ఏడుపు మొదలుపెడితే, తీసుకొచ్చి అందులో కూర్చోబెట్టి మెల్లగా తిప్పుతారు. కాసేపటికి లోకం మళ్ళీ తన చోటికి తాను వచ్చేస్తుంది. అధికార పీఠాన్ని ఇంతగా ప్రజలకు ఉపయోగపెట్టిన పాలకులు చరిత్రలో అరుదు. పాలకురాలు మాత్రం నీలం ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంటుంది. ఆ స్టూలు ఎక్కడుంటే ఆఫీసు అక్కడ.

పదవి కూడా ఆమెను వెతుక్కుంటూ వచ్చిందే. ఇన్‌చార్జిని ఎన్నుకునే మీటింగు జరుగుతుండగా ఒక పిల్లవాడు వాంతి చేసుకుంటే, శుభ్రం చేయడానికి బయటికి వెళ్ళింది. చేతులు కడుక్కుని తిరిగి వచ్చేసరికి ఏకగ్రీవంగా ఎన్నికైపోయి ఉంది. వద్దనడానికి కూడా వ్యవధి దొరకలేదు. లోపల చప్పట్లు అయిపోయాయి, టీ కూడా అయిపోయింది.

ఆమె రాజ్యాంగంలో ఉన్నది ఒకే ఒక్క అధికరణం: పిల్లలకు ముందుగా చెప్పకుండా ఏదీ మార్చకూడదు. కర్టెన్లు మార్చాలంటే కొత్త గుడ్డను ముందు బల్ల మీద పడేసి ఉంచుతారు, అందరూ తడిమి చూస్తారు, ఆ తర్వాతే కిటికీకి ఎక్కుతుంది. తనకు కొత్త కళ్ళజోడు వచ్చినప్పుడు దాన్ని వారంపాటు చేతిలో పట్టుకు తిరిగి, పిల్లలకు అలవాటయ్యాకే ముక్కు మీద పెట్టుకుంది. ఆ వారమంతా రిజిస్టర్లో ఎవరి హాజరు ఎవరికి పడిందో దేవుడికే తెలియాలి.

ఆ అధికరణాన్ని మీరింది కూడా ఆమే.

బడి గేటు తుప్పు పట్టింది. పసుపుపచ్చ గేటు, రెండు రెక్కలది. దానికి రంగు వేయించండి మహాప్రభో అని కనకరత్నం మూడేళ్ళుగా పైవాళ్ళను వేడుకుంటోంది. చివరికి ఆ మొర ఫలించింది. రాయపూర్ నుంచి సూర్యప్రకాష్ అనే పెద్ద అధికారి సోమవారం బడి చూడటానికి వస్తున్నారని తెలియగానే, ఆదివారం రంగులు వేసే మనుషులు దిగారు. బడికి సెలవు కాబట్టి కనకరత్నం అక్కడ లేదు.

సోమవారం పొద్దున్న ఆమె ఆటో దిగేసరికి గేటు బూడిద రంగులో, కొత్త అల్యూమినియం గిన్నెలాగా తళతళలాడుతోంది. దాని ఎదురుగా రోడ్డు మీద అమ్ము నిలబడి ఉంది.

అమ్ముకు తొమ్మిదేళ్ళు. మాటలు తక్కువ. ఈ బడిలో ఒంటరిగా అడుగు పెట్టడానికి వానాకాలం మొదలుకొని దీపావళి దాకా పట్టింది. ఇప్పుడు రోజూ నాయనమ్మ జోగమ్మతో వస్తుంది, పసుపు గేటు ఎడమ రెక్క మీద రెండు అరచేతులూ ఆనించి తోసుకుని లోపలికి వెళ్తుంది. ఆ ధైర్యంతోనే వాళ్ళ అమ్మ భాగ్యరేఖ హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఒక వర్క్‌షాపు ఆఫీసులో ఉద్యోగానికి కుదిరింది. ఇంకా నెల తిరగలేదు. అమ్ము బడి మానేస్తే ఆ ఉద్యోగమూ మానేసినట్టే. రోజంతా పిల్లను ఒక్కతే పట్టుకోవడం జోగమ్మ మోకాళ్ళ వల్ల కాదు.

అమ్ము గేటు వైపు చూడటం లేదు. బడి ఎటు పోయిందా అని వీధి పొడవునా వెతుకుతోంది.

"ఏటమ్మా రత్నం, ఈ గుంట కదల్దే" అంది జోగమ్మ. "ఇదే బడే అంటే నన్నే ఎగాదిగా సూత్తంది, నాకేదో మతి పోయినట్టు. ఆలమ్మకి ఫోన్ సెయ్యనా? సేస్తే పని వొగ్గేసి పరిగెట్టుకొస్తాది."

"చెయ్యకు పిన్నీ. కాసేపాగు. ఇది నా నిర్వాకమే."

"నువ్వేటి సేసినావు?"

"రంగు వెయ్యమని మూడేళ్ళు అడిగేను. ఏ రంగో ఒక్కసారీ చెప్పలేదు. పసుపు గేటుకి పసుపే వేస్తారు కదా అనుకున్నాను."

జోగమ్మ ఆలోచించింది. "గవర్మెంటోళ్ళు కదేటే" అంది, ఓదార్పుగా.

అప్పుడే రంగుల కాంట్రాక్టరు సింహాద్రి మరిచిపోయిన నిచ్చెన కోసం టెంపోలో వచ్చాడు. విజయనగరం మనిషి, తన పనితనం మీద గౌరవం గలవాడు. గేటును చూసి ఒకసారి తృప్తిగా తల పంకించాడు.

"సింహాద్రీ, బండిలో పసుపు రంగు ఉందా?"

"ఉంది మేడమ్. క్రేన్లకి ఏసేది. ఏటికి?"

"గేటుకి."

సింహాద్రి ముఖంలో కళ తప్పింది. "నిన్నే కదేటి ఏసినాం. గ్రే ఎయ్యమని రాసిచ్చినారు, గ్రే ఏసినాను. ఇంకాసేపట్లో సాబ్ దిగుతాడు. పసుపు సూసినాడంటే నాను మళ్ళీ ఈ సెక్టర్లో బ్రష్ పట్టక్కర్లేదు."

"నువ్వు పట్టకు. ఇలా నాకియ్యి. అడిగితే ఇన్‌చార్జికి పిచ్చెక్కి పాడుచేసిందని చెప్పు."

"అది నాను సెప్పక్కర్లేదు మేడమ్, సూస్తేనే తెలుస్తాది" అంటూనే డబ్బా మూత తీసిచ్చాడు.

కనకరత్నం స్టూలు తెప్పించుకుని, గంజిపెట్టిన చీర కొంగు నడుముకు దోపి, ఎడమ రెక్కతో మొదలుపెట్టింది. లోపలి నుంచి ఏంజెలా టీచరు పూలగుత్తి పట్టుకుని పరుగున వచ్చింది. భిలాయిలోనే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు కన్నా హిందీ చురుగ్గా వస్తుంది.

"మేడమ్, సార్ భిలాయి-3 దాటేశారట, దగ్గరికి వచ్చేశారు. మీరు చలియే, లోపల వెల్‌కమ్‌కి ఎవరూ లేరు."

"నువ్వు చెప్పు వెల్‌కమ్."

"నాకు తెలుగులో స్పీచ్ నహీ ఆతా మేడమ్."

"ఆయనకీ అంతంతమాత్రమేలే. ఇద్దరికీ సరిపోతుంది."

అమ్ము వీధిని వెతకడం ఆపింది. బ్రష్ పైకీ కిందికీ వెళ్తుంటే చూస్తోంది. కనకరత్నం రమ్మని పిలవలేదు, బాగుందా అని అడగలేదు, అసలు వెనక్కే తిరగలేదు. పరిపాలనలో ఇది మిక్కిలి కఠినమైన విద్య. చాలామంది రిటైరయ్యేదాకా నేర్చుకోరు.

ఎడమ రెక్క అడుగుదాకా వచ్చేసరికి తెల్ల కారు ఆగింది. సూర్యప్రకాష్ దిగి, ముక్కు మీద పసుపు చుక్కలున్న స్త్రీని చూశారు.

"ఏమ్మా, ఇన్‌చార్జి మేడమ్ కిధర్?"

"నేనే సార్. ఒక్క నిమిషం ఆగాలి. ముందు ఆ పాప వెళ్ళాలి."

ఆయన ముందుకే ఒక అడుగు వేశారు. జోగమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "లైన్లో ఉండు నాయనా. మాం పొద్దున్నించి ఉన్నాం."

రాయపూర్ అధికారి జోగమ్మ వెనక నిలబడ్డారు. ఆయన వెనక సింహాద్రి నిలబడ్డాడు, నిచ్చెనతో సహా.

అమ్ము వచ్చింది. తడి పసుపు మీద రెండు అరచేతులూ ఆనించింది. చల్లగా తగిలినట్టుంది, ఒకసారి తీసి చూసుకుంది. మళ్ళీ ఆనించి, తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది. జోగమ్మ ఫోన్‌ను చేతిసంచిలో అడుక్కి తోసేసింది.

"అబ్ మేం ఎలా వెళ్ళాలి?" అని సూర్యప్రకాష్ తన తెల్ల చొక్కా వైపు, తడి గేటు వైపు మార్చి మార్చి చూశారు.

"మీకు కుడి రెక్క సార్. అది నిన్నే ఆరింది."

లోపల తిరిగే కుర్చీలో అమ్ము ఉంది, రెండు అరచేతులకూ పసుపు రంగుతో. కాబట్టి సారుకు నీలం స్టూలు దక్కింది. ఆయన మోకాళ్ళు గడ్డానికి ఆనుతుండగానే తనిఖీ సాగింది. గేటుకు రెండు రంగులేమిటని అడిగితే కనకరత్నం తప్పు తనదేనని ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కాసేపు కుర్చీ తిరగడం చూశారు.

"మిగతా రెక్క అలాగే రెహనే దో" అన్నారు చివరికి. "గ్రే వెయ్యమన్నాం, గ్రే ఉంది. పైన ఎవరూ ఏమీ అనరు."

సింహాద్రి గోడ అవతల నుంచి ఊపిరి వదలడం అందరికీ వినిపించింది.

మధ్యాహ్నం హథ్‌ఖోజ్ నుంచి భాగ్యరేఖ ఫోన్ చేసి పాప ఎలా వెళ్ళిందని అడిగితే, "రోజూలాగే" అంది జోగమ్మ. "సేతులు మాత్రం కిరసనాయిలు పెట్టి కడగాల."

ఆ గేటు ఇప్పటికీ అలాగే ఉంది. పసుపు రెక్క పిల్లలకు, బూడిద రెక్క అధికారులకు. పసుపు రెక్క రోజుకు ఎన్నిసార్లు తెరుచుకుంటుందో లెక్క లేదు. దాని మీది చిన్న అరచేతుల గుర్తుల జోలికి ఎవరూ వెళ్ళలేదు. బూడిద రెక్క ఏడాదికి ఒకసారి తెరుచుకుంటే గొప్ప, అందుకే దాని మడతబందులు మళ్ళీ తుప్పు పట్టాయి. దానికి రంగు వేయించమని కనకరత్నం ఈమధ్యనే పైకి రాసింది. ఈసారి రంగు పేరు కూడా రాసింది.