చప్పుడు తగ్గే తుపాకీ కోసం

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో చేరిన ఏడాది, ఒక సాయంత్రం స్కూలు దగ్గర కారెక్కి బెల్ట్ పెట్టుకుంటూ, "అమ్మా, నేను రైఫిల్ టీమ్‌కి ట్రై చేస్తా," అంది. నేను ఠక్కున బ్రేక్ తొక్కాను. వెనక కారువాడు హారన్ కొట్టాడు. మా కమ్మింగ్ ఊళ్ళో ఎవరైనా హారన్ కొట్టారంటే వాళ్ళకి నిజంగానే ప్రాణం మీదికొచ్చిందన్నమాట.

"తుపాకీయా? నీకేమైనా మతిపోయిందా?"

"అమ్మా, ఎయిర్ రైఫిల్. గాలితో పోతుంది. ఇట్స్ ఎ స్పోర్ట్. టెన్నిస్ లాగా."

టెన్నిస్ లాగా తుపాకీ ఎలా ఉంటుందో నాకు అంతుపట్టలేదు. ఇంటికెళ్ళాక మా ఆయన కంప్యూటర్‌లో చూసి, నిజమే, ఇక్కడి హైస్కూళ్ళలో అదొక ఆటేనట, స్కూళ్ళ మధ్య పోటీలు కూడా ఉంటాయట అన్నారు. సీసపు గుళిక పప్పుగింజంత ఉంటుంది. గదికి ఆ చివర పెట్టిన కాగితం మీద చుక్కని కొట్టాలి. చాలామంది నేర్చుకుంటారు గానీ, పోటీలకి వెళ్ళేది నలుగురే. ఆ నలుగుర్ని జనవరిలో ఎంచుతారు. మా పిల్లకి ఆ నలుగురిలో ఒకతె కావాలని ఉంది.

కూచిపూడి, వయొలిన్, లెక్కల క్లాసు, స్పెల్లింగ్ పోటీలు, అన్నింటికీ తిప్పాను దాన్ని. అవన్నీ మేం చెప్పినవి, అది తలూపినవి. నోరు తెరిచి ఇది కావాలని తనంతట తాను అడిగింది ఇదొక్కటే. అందుకే భయంగా ఉన్నా సరేనన్నాను.

మా ఆయన స్కూల్లో వాడే రకం రైఫిలే ఒకటి కొని తెచ్చారు. బేస్‌మెంట్‌లో ఆ చివర గోడకి గుళికలు పడే ఇనప పెట్టె బిగించారు. వాళ్ళ నాన్న పక్కన కూర్చుంటే, పిల్ల రక్షణ కళ్ళద్దాలు పెట్టుకుని రోజూ సాయంత్రం కాల్చేది. ఠప్. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ ఠప్. వంటింట్లో కూర వేయిస్తూ వింటుంటే మొదట్లో ప్రతిసారీ గరిటె ఆపేసేదాన్ని. తర్వాత అలవాటైంది. అది పైకొచ్చి కాగితం చూపించేది. చిల్లులన్నీ నడిమధ్యన ఒకదాని మీద ఒకటి ఉండేవి. నాకు ఆ ఆట తలా తోకా తెలియకపోయినా, పిల్ల మొహం చూస్తే తెలిసేది, బాగా కొట్టిందని.

మాది టౌన్‌హౌస్. పక్కింటికీ మాకూ మధ్య ఒకటే గోడ. అటుపక్క రిటైరైన ఒకావిడ, ఒక చిన్న గోధుమరంగు కుక్కతో ఉంటుంది. ఒక శనివారం ఆవిడ తలుపు తట్టింది.

"మీ బేస్‌మెంట్‌లోంచి చప్పుడు వస్తోంది. మా కుక్క భయపడి మంచం కిందకి దూరుతోంది," అందో లేదో, మా ఆయన అందుకున్నారు. "సో సారీ. వెరీ వెరీ సారీ." ఆవిడ నవ్వి మళ్ళీ ఏదో చెప్పబోతే ఇంకో సారీ. "ఇట్ విల్ నాట్ హ్యాపెన్ అగైన్." నేనూ ఊరుకున్నానా? పొద్దున చేసిన కజ్జికాయలు డబ్బాలో పెట్టి చేతిలో కుక్కాను. ఆవిడ డబ్బా వైపూ మా వైపూ చూసి, థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది.

తలుపు వేశాక ఈయనకి చెమటలు. "ఇళ్ళ అసోసియేషన్‌కి రాస్తే? పోలీసుల్ని పిలిస్తే? మన గ్రీన్ కార్డ్ ఫైల్ నడుస్తోందని గుర్తుందా నీకు?"

"గాలి తుపాకీకి గ్రీన్ కార్డ్ ఆపుతారా ఎక్కడైనా?"

"నీకు తెలీదు, ఊరుకో."

ఆయనకి మాత్రం ఏం తెలుసు! అయినా ఆ రోజే పిల్ల రైఫిల్ తీసుకెళ్ళి క్లాజెట్‌లో పెట్టేశారు. చప్పుడు సంగతి తేలాకే ప్రాక్టీస్ అన్నారు. పిల్ల నా వైపు చూసింది. నాన్న చూసుకుంటార్లే అన్నాను.

మా ఆయన సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తారు. ఏ వస్తువు ఇంటికొచ్చినా అది ఎక్కడ చెడుతుందో కనిపెట్టేదాకా ఆయనకి అన్నం సహించదు. చప్పుడు తగ్గించడానికి తుపాకీ గొట్టం చివర పెట్టే మోడరేటర్ అనే సాధనం ఒకటుందని ఆయనకి తెలిసింది. ఇహ చూడండి. లోపల చిన్న చిన్న అరలుంటాయట, గాలి ఒక్కసారిగా బయటికి తన్నుకురాకుండా వాటిల్లో తిరిగి నెమ్మదిగా వస్తుందట. అన్నం తింటూ చెయ్యి తిప్పి చూపించారు. నాకు అర్థమైంది చెయ్యి తిప్పడం ఒక్కటే.

వేరే ఊళ్ళో, ట్రాయ్‌లో ఉండే ఫ్రెండ్‌కి ఫోన్ చేశారు. స్పీకర్‌లో వింటున్నాను. "ఒరే, తీసి బిగించే మోడరేటర్ జోలికి పోమాకు. అది అసలు తుపాకీకి కూడా పడుతుందంటే వేరే చట్టం కిందకొస్తుందంట. స్టేటస్ పెండింగ్‌లో పెట్టుకుని ఎందుకురా నీకీ రిస్క్?" అన్నాడాయన. ఇంకో ఫ్రెండ్, "ఏం కాదు భాయ్, గాలి తుపాకీకి రూల్సే లేవు, నువ్వు ఆర్డర్ చేసెయ్," అన్నాడు. ఇంటర్నెట్‌లో ఒకచోట ఫర్వాలేదని, ఇంకోచోట జైలని. చివరికి దుకాణంవాడిని అడిగితే, గొట్టంతో కలిపే తయారుచేసి, ఊడదీయడానికి వీల్లేకుండా వచ్చేవి తాము మామూలుగానే అమ్ముతామని, మిగతా వాటి గురించి లాయర్‌ని అడుక్కోమని చెప్పాడు. దాంతో మోడరేటర్ కొనడం పోయి, మోడరేటర్ ఉన్న తుపాకీ కొనడం మొదలైంది.

ఈ దేశంలో మనవాళ్ళు మొట్టమొదట నేర్చుకునే విద్య కొన్నది తిరిగిచ్చేయడం. పెళ్ళికి కెమెరా కొని, పెళ్ళయ్యాక తిరిగిచ్చినవాళ్ళు నాకు తెలుసు. మా ఆయన ఆ దారే పట్టారు. ఒక రైఫిల్ తేవడం, పరీక్షించడం, అది తిరిగిచ్చే గడువు లోపలే ఇంకోటి తేవడం. మొదటిదాని గొట్టం చివర బీరకాయంత లావుగా ఉంది. రెండోది సన్నగా, పొడుగ్గా. మూడోదానికి గొట్టం పొడుగునా తొడుగు. అన్నీ వేటకి వాడే రకాలు, నడిమికి మడిచి గుళిక పెట్టాలి, బరువు. పిల్ల స్కూల్లో పట్టుకునేదానికీ వీటికీ ఎక్కడా పోలికే లేదు.

పరీక్ష ఎలాగంటే, ఆయన ఫోన్‌లో చప్పుడు కొలిచే యాప్ పెట్టుకుని పక్కింటి వైపు గోడకి ఆనించి కూర్చుంటారు. నేను పైన వంటింట్లో. పిల్ల కింద తుపాకీ పట్టుకుని నిలబడాలి. "రెడీ? ఫైర్!" ఠప్. "ఎలా వినబడింది?" అని కింద నుంచి కేక.

"వినబడింది."

"ఎంత వినబడింది? ఇందాకటి కంటే ఎక్కువా తక్కువా?"

నాకు మూడూ ఒకేలా వినబడ్డాయి. ఆ మాటంటే కోపం. తక్కువంటే, ఫోన్ ఎక్కువని చూపిస్తోందని కోపం. ఇంకో రోజు, ఫోన్ బాగా తగ్గిందన్న రెండోది నా చెవికి లోపల స్ప్రింగు టంగుమన్నట్టు ఇంకా గట్టిగా మోగింది. నన్ను లాండ్రీ గదిలోకి, తర్వాత బయట కంచె దగ్గరికి పంపారు. చలిలో శాలువా కప్పుకుని, చెవులు రిక్కించి నిలబడ్డాను. కంచె దగ్గర తుపాకీ చప్పుడే లేదు, ఇనప పెట్టెకి గుళిక తగిలి టక్‌మన్న శబ్దం మాత్రం వచ్చింది. "ఏమండీ, చప్పుడు తుపాకీదా, పెట్టెదా?" అన్నాను. ఆయన ఆ పెట్టెని వేలితో తట్టి చూశారు. తర్వాత పెట్టె నిండా పాత బట్టలు కుక్కి, మొదటి నుంచి మళ్ళీ అన్నీ పరీక్షించారు.

ఇక కుక్క సంగతి. ఈసారి ఫోన్ మెచ్చిన మూడో తుపాకీకి అది ఆగకుండా మొరిగింది. అన్నింటికంటే ఎక్కువ మోత అని ఫోన్ చూపించినదానికి కిక్కురుమనలేదు. మనకి వినబడనిది కుక్కలకి వినబడుతుంది, అది చాలా కీలకం అన్నారు ఈయన. ఆ రోజు కుక్క ఇంట్లో లేదేమో అన్నాను నేను. ఆ రాత్రి భోజనాల దగ్గర నాతో మాట్లాడలేదు. నా బుర్ర వేడెక్కిపోయింది. ఇంతకీ చప్పుడనేది ఉందా, లేదా? ఉంటే ఎవరికి?

పిల్ల మాత్రం రోజూ అడిగేది. "నాన్నా, ఇవాళ నా రైఫిల్‌తో చేయనా? సెలెక్షన్ దగ్గరకొచ్చేస్తోంది."

"ఇంకొక్క రౌండ్ తల్లీ. ఇదంతా నీ కోసమేగా."

"దీంతో నాకు ఎయిమ్ కుదరట్లేదు నాన్నా."

"గురి అక్కర్లేదు, పెట్టెలో పడితే చాలు. సౌండ్ చూద్దాం."

అది కాల్చేది. కాల్చగానే తల తిప్పి వాళ్ళ నాన్న చేతిలో ఫోన్ వైపు చూసేది. ఆయన అంకె చదివేవారు. మళ్ళీ కాల్చేది. కాగితం పైకి తేవడం మానేసింది. నేనూ అడగలేదు.

చలికాలం సెలవులు అయిపోయి, సెలెక్షన్ ఇంకో వారంలోకి వచ్చిందనగా, పోస్ట్ డబ్బాల దగ్గర పక్కింటావిడ కనబడింది. మళ్ళీ ఫిర్యాదేమో అనుకున్నాను. ఆవిడ మాత్రం నవ్వుతూ కజ్జికాయలు ఎంతో బాగున్నాయంది. "మీ అమ్మాయి ఎప్పుడు ప్రాక్టీస్ చేస్తుందో ఇప్పటికైనా చెప్తావా? ఆ టైమ్‌కి కుక్కని వాకింగ్‌కి తీసుకెళ్ళిపోదామని ఆ రోజు అడగడానికే వచ్చాను. మొదట్లో చప్పుడు రోజూ ఒకే వేళకి వచ్చేది, ఈ మధ్య ఎప్పుడు పడితే అప్పుడు వస్తోంది," అంది.

"అయిదున్నరకి," అన్నాను. "అయితే అయిదున్నరకి మేం పార్కులో ఉంటాం," అని ఆవిడ వెళ్ళిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. ఇన్ని వారాలు!

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన సంతోషిస్తారనుకున్నాను. "అంటే ఇక మోడరేటర్ వద్దా?" అన్నారు, మొహం చిన్నబుచ్చుకుని. నాకు ఒళ్ళు మండిపోయింది. "వద్దు మహానుభావా! పిల్ల తుపాకీ పిల్లకివ్వండి!" అని అరిచాను. ఆ సాయంత్రమే క్లాజెట్‌లోంచి అది బయటికొచ్చింది. పిల్ల దాన్ని భుజానికి ఆనించి చాలాసేపు అలాగే నిలబడింది. కాల్చింది. "ఏదోలా ఉంది," అంది. అలవాటు తప్పింది కదా, రెండ్రోజుల్లో అదే వస్తుందన్నాను. నేనే పెద్ద కోచ్‌నన్నట్టు.

సెలెక్షన్ రోజు ఇద్దరం వెళ్ళాం. స్కూలు వెనక పొడవాటి గది, తల్లిదండ్రులకి వెనక వరసలో కుర్చీలు. పిల్లలందరూ వరసగా నిలబడి కాలుస్తున్నారు. ఎవరి తుపాకీకీ మోడరేటర్ లేదు, గదంతా ఠప్ ఠప్‌మని ఒకటే మోత. ఎవరూ పట్టించుకోవట్లేదు. మా పిల్ల కాల్చింది. కాల్చగానే తల కొంచెం ఎడమవైపు తిప్పింది. మళ్ళీ కాల్చింది, మళ్ళీ తిప్పింది. మమ్మల్ని వెతుక్కుంటోందనుకుని, ఇక్కడే ఉన్నామన్నట్టు నేను పిచ్చిదానిలా చెయ్యి ఊపాను. అది నన్ను చూడనేలేదు.

అయ్యాక కోచ్ మా దగ్గరికొచ్చారు. అయిదో స్థానమట. పేలాక కూడా కాసేపు కదలకుండా లక్ష్యాన్నే చూస్తూ ఉండాలని, తను మాత్రం వెంటనే తలెత్తేస్తోందని చెప్పారు. "సెప్టెంబర్‌లో ఈ అలవాటు లేదు. మధ్యలో ఎక్కడ అంటుకుందో అర్థం కావట్లేదు," అన్నారు. మా ఆయన తలూపుతూ విన్నారు. ఆయనకి అర్థమైందో లేదో నాకు తెలియలేదు.

కారు స్కూలు దాటి మెయిన్ రోడ్డెక్కింది. తర్వాత ఆయనే, "ఏమైందమ్మా? భయపడ్డావా?" అన్నారు.

"భయం కాదు నాన్నా. కాల్చగానే నీ ఫోన్ చూడాలనిపిస్తుంది. సౌండ్ తగ్గిందా లేదా అని. వద్దనుకున్నా తల తిరిగిపోతోంది. ఐ కాంట్ స్టాప్."

ఆయన మా ఇద్దరి మధ్యన ఉన్న ఫోన్‌ని తిప్పి బోర్లా పెట్టారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. ఆయన్ని తిట్టాలని నోటిదాకా వచ్చింది. వంటింట్లోంచి, కంచె దగ్గర నుంచి జవాబులు చెప్పింది నేనే కదా, ఏమని తిట్టను?

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పిల్ల ముందుకి వంగి వాళ్ళ నాన్న భుజం మీద చెయ్యేసింది.

"నెక్స్ట్ ఇయర్ మళ్ళీ ట్రై చేస్తా. కానీ అప్పుడు నువ్వు హెల్ప్ చేయకు నాన్నా. ప్లీజ్."

కోపంగా అనలేదు. ఎంతో నెమ్మదిగా, ఆయనకి నొప్పి తగలకూడదన్నట్టు అంది.