ఆరు తర్వాత రెండు

ఈ సాయంత్రం మా సందులోంచి ఒక పెళ్ళి ఊరేగింపు వెళ్ళింది. విజయనగరంలో మాఘమాసం వస్తే రోజూ ఏదో ఒక పెళ్ళి ఈ దారినే పోతుంది కాబట్టి మామూలుగా అయితే లేచి చూసేదాన్ని కాదు, పాపకి అన్నం తినిపిస్తూ కూర్చున్నాను, కాని బాజాలవాళ్ళు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు వెనకనుంచి వినిపించిన ఇంజను చప్పుడుకి నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కిటికీ దాకా వెళ్ళకుండానే అదేమిటో తెలిసింది. బంతిపూల దండలు వేసుకుని పెళ్ళిళ్ళకి అద్దెకి తిరుగుతున్న పాత జర్మనీ కారు, ఆరు సిలిండర్ల పెట్రోలు బండి, మా నాన్న చేతుల్లో ఏళ్ళ తరబడి బతికిన బండి. ఆరింటిలో ఒకటి మండడం లేదని కూడా తెలిసింది.

పాప పడుకుంది. నాకు నిద్ర రాదని తెలిసి ఇది రాస్తున్నాను.

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మన చిన్నతనంలో రాజాం లాంటి ఊళ్ళో కారు వస్తోందంటే ఎవరిదో చప్పుడుబట్టి చెప్పేసేవాళ్ళం. మా నాన్న అక్కడ ఒక రైసు మిల్లులో పనిచేసేవాడు. పేరుకి డ్రైవరే గాని, మిల్లు షావుకారు విశాఖపట్నంలో ఎవరిదగ్గరో ముచ్చటపడి కొన్న ఆ కారుకి డ్రైవరూ మెకానిక్కూ అన్నీ ఆయనే, ఎందుకంటే చుట్టుపక్కల ఏ షెడ్డువాడూ దాని మీద చెయ్యి వేయడానికి ఒప్పుకోలేదు. విప్పి, బిగించి, పాడుచేసి, మళ్ళీ బాగుచేసి నాన్న దాన్ని నేర్చుకున్నాడు. దానికి రెండు కార్బరేటర్లు. రెండూ గాలిని ఒక్కలా పీల్చుకోవాలట. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలోనూ రెండో కొస కార్బరేటరు నోటి దగ్గరా పెట్టుకుని, ఆ ఈలలు రెండూ కలిసేదాకా మరలు తిప్పుతూ ఉండేవాడు. మా అమ్మ ఆ బండిని నా సవితి అనేది, నాన్న ఇంటికి ఆలస్యంగా వచ్చినప్పుడల్లా సవితికి ఒంట్లో ఎలా ఉందని అడిగేది.

ఆరు సిలిండర్లూ వరసగా మండవని నాకు బడికి వెళ్ళకముందే తెలుసు. ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు, నాలుగు. అలా మండితేనే బండి ఒణకదు. నన్ను పడుకోబెట్టేటప్పుడు నాన్న వీపు మీద తడుతూ ఆ వరసే చెప్పేవాడు. ఎంతగా ఒణకదంటే, ఇంజను తిరుగుతుండగా దాని పైమూత మీద రూపాయి బిళ్ళని అంచు మీద నిలబెడితే పడకూడదు. షావుకారుకి అది పెద్ద సరదా, ఇంటికి ఎవరొచ్చినా బానెట్టు ఎత్తి చూపించేవాడు. బిళ్ళ నిలబడితేగాని నాన్న సర్వీసు అయిందనేవాడు కాదు.

మిల్లు ఆవరణలో గాలి వేస్తే ఊక లేస్తుంది. కార్బరేటరు విప్పి ఉన్నప్పుడు దాన్లో ఊక పడితే మళ్ళీ మొదటికొస్తుంది, బిళ్ళ నిలబెట్టినప్పుడు గాలి తగిలితే పడిపోతుంది. అందుకని నాన్న షెడ్డు తలుపులు మూసేసి, కింద సందులో గోనెసంచి కుక్కి పనిచేసేవాడు. పొగ మాటో అంటారేమో, మాకు తెలిసిన పొగ ధాన్యం లారీలు వదిలే నల్లపొగే. ఈ బండిని నాన్న ఎంత శుభ్రంగా ఉంచేవాడంటే వెనక గొట్టం దగ్గర తెల్లగుడ్డ పెట్టినా మరక అయ్యేది కాదు. బండి వదిలే గాలిలో కనిపించకుండా, వాసన లేకుండా చంపేది ఒకటి ఉంటుందని మాలో ఎవరికీ తెలియదు.

ఆ రోజు షావుకారు ఇంటికి ఎవరో చుట్టాలు వస్తున్నారని బండి సాయంత్రానికి సిద్ధం చేయమన్నారు. బడికి సెలవు. మధ్యాహ్నం అమ్మతోపాటు క్యారేజీ పట్టుకుని నేనూ వెళ్ళాను. తలుపులు మూసి ఉన్నాయి, లోపల ఇంజను తిరుగుతోంది, తేనెటీగలపట్టు దూరంనుంచి వింటే ఎలా ఉంటుందో అలా. నేను తలుపు తోయబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఉండే గుంటా, బిళ్ళ ఎట్టినట్టున్నాడు. తీసేవంటే గాలికి పడిపోతాది, మళ్ళా మనమీద ఇంతెత్తున లేస్తాడు."

బయట ధాన్యం బస్తాల మీద కూర్చున్నాం. అన్నం చల్లారిపోతోందని అమ్మ గొణుక్కుంది గాని, ఆ చప్పుడు వింటూ ఆవిడ మొహంలో ఒక గర్వం కూడా ఉంది. మా మావ, అంటే అమ్మ తమ్ముడు, ఆ మిల్లులోనే లారీ తోలేవాడు, మమ్మల్ని చూసి వచ్చాడు.

"ఏటప్పా, ఇక్కడ కూకున్నావు? నీ సవితి నిన్ను లోపలికి రానివ్వట్లేదేటి?"

"మరేటి సెయ్యమంతావు, దానిముందు నేనెంత? ఇనరాదూ, ఇయ్యాల గొంతు ఎంత బాగున్నాదో."

మావ నవ్వుతూ తలుపుకి చెవి ఆనించి, బావా, అని పిలిచాడు. అలా పిలిస్తే లోపలినుంచి, ఒరే తలుపు ముట్టుకున్నావంటే తంతాను, అని కేక రావాలి. రాలేదు. మళ్ళీ పిలిచాడు. ఇంజను తిరుగుతూనే ఉంది, ఎక్కడా తడబడకుండా. మావ మొహంలో నవ్వు పోవడం నేను చూశాను.

తలుపు తోసేసరికి నాన్న ముందుచక్రం పక్కన ఒరిగి ఉన్నాడు, చేతిలో మర తిప్పేది అలాగే ఉంది. నా కళ్ళు ఎందుకో ముందు ఇంజను మీదకే వెళ్ళాయి. బిళ్ళ నిలబడే ఉంది. మా వెనకనుంచి గాలి వచ్చి తగిలాక పడిపోయింది.

ఆ కారులోనే నాన్నని శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అద్దాలన్నీ దించి మావ తోలాడు, షావుకారు ముందుసీటులో కూర్చున్నాడు, వెనక అమ్మ ఒళ్ళో నాన్న తల. దారిలో బండి ఒక్కచోటైనా ఆగలేదు, ఒక్కసారైనా దగ్గలేదు. ఆ బండి అంత బాగా నడవడం నేను మరెప్పుడూ చూడలేదు.

కొన్నాళ్ళకి నాన్న కళ్ళు తెరిచాడు. డాక్టరుగారు మంచం పక్కన నిలబడి, ఒకటినుంచి పది దాకా లెక్కపెట్టమన్నారు. నాన్న చాలాసేపు ఆయన్నే చూసి, ఒకటి, అన్నాడు. తర్వాత, అయిదు. మూడు. డాక్టరుగారు తలాడించి ఏదో రాసుకోబోయారు, అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మావ మాత్రం ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు.

"ఏడవకే అప్పా, సరిగ్గానే సెప్తన్నాడు! డాక్టరుగారూ, అది ఇంజను వరసండీ. మా బావకి అన్నీ తెలస్తన్నాయి, సూడండి మీరే."

ఆరు, అన్నాడు నాన్న. ఇంక రెండూ నాలుగూ చెప్పేస్తే చాలు, నాన్న మాకు తిరిగి వచ్చేసినట్టే. డాక్టరుగారు కూడా పెన్ను ఆపి చూశారు. మావ వంగి, సెప్పు బావా, ఆరు తరవాత, అని బతిమాలాడు. నాన్న పైకప్పు వైపు చూశాడు. ఎక్కడో పెట్టి మరిచిపోయిన వస్తువు కోసం వెతుకుతున్నట్టు పెదాలు కదిలాయి.

"ఆరు," అన్నాడు మళ్ళీ.

అక్కడే ఆగిపోయాడు. ఇంటికి వచ్చాడు, నేను డిగ్రీలో చేరేదాకా బతికాడు, అన్నం పెడితే తిన్నాడు, అరుగు మీద కూర్చోబెడితే కూర్చున్నాడు. అమ్మ అదే మిల్లులో బియ్యం చెరిగే పనికి వెళ్ళింది. నేను బడినుంచి వచ్చి పక్కన కూర్చుని, రెండు, నాలుగు నాన్నా, అని అందించేదాన్ని. నేను ఎవరింటి సంగతో చెబుతుంటే వింటున్నట్టు మర్యాదగా తలూపేవాడు. తర్వాత ఆ మిల్లు మూతపడింది, బండి చేతులు మారింది.

ఇప్పుడు నా ఇంట్లో కిటికీ ముయ్యనివ్వను. మంచు కొట్టి బిడ్డకి రొంప సేస్తాదే, నీకేటైనా దయ్యం పట్టిందా, అని మా అత్తగారు తిడుతూనే ఉంటారు. మా ఆయన సెల్లారులో కారు స్టార్టు చేసి బయటికి తెచ్చేదాకా పాపని ఎత్తుకుని గేటు బయటే నిలబడతాను. ఆ కారు బానెట్టు ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ మూత తప్ప ఏమీ కనిపించదు, సర్వీసువాళ్ళు ఒక తీగ తగిలించి తెర చూసి జబ్బు చెబుతారు, తలుపుల్లేని పెద్ద పెద్ద షెడ్లలో, గాలి ధారాళంగా ఆడేచోట. ఎవరూ చెవి ఒగ్గి వినక్కర్లేదు. ఇదే మంచిదని నాకు తెలుసు. అయినా ఇందాక ఆ పెళ్ళికారు పోతుంటే కిందకి పరిగెత్తి, ఒకదానికి నిప్పు అందడం లేదు, ప్లగ్గులు విప్పి చూడు బాబూ, అని డ్రైవరుకి చెప్పాలనిపించింది. ఈలోగా బాజాలు మళ్ళీ మొదలయ్యాయి.

పోయిన వారం పాప బడిలో టీచరు పిలిచి, మీ అమ్మాయి అంకెలు తప్పు చెబుతోంది, ఇంట్లో కాస్త చూసుకోండి అన్నారు. తప్పు నాదే, వీపు తట్టి పడుకోబెట్టేటప్పుడు నాకు వచ్చిన వరస అదొక్కటే. ఈ రాత్రి కూడా చెబుతూ ఆరు దగ్గర నేను ఆగిపోయాను. పాప కళ్ళు మూసుకునే, రెండు, నాలుగు, అని తనే అందుకుని అటు తిరిగి పడుకుంది.

రేపటినుంచి ఒకటి తర్వాత రెండు అని నేర్పాలి.